నీ జోడీ ఏడి?

(విశాఖపట్నంలో పిల్లల వేసవి ఈత శిబిరం ముగింపు సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వేదిక మీదున్న పెద్దల పేర్లు, హోదాలు రాసిన కాగితం ఒకటి నా చేతికిచ్చారు. పన్నెండు పేర్లున్నాయి. పెద్దలు ఏమీ అనుకోకండి, అందరికీ కలిపి ఒకే నమస్కారం పెట్టేస్తున్నాను. ముందు వరసలో పిల్లలు తడి జుట్టుతో, భుజాన తువ్వాళ్ళతో గంటన్నర నుంచి కూర్చున్నారు. వాళ్ళకి ఆకలేస్తోంది. ఈత కొట్టి వచ్చాక వేసే ఆకలి ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

ఒక్కరికి మాత్రం విడిగా దండం పెట్టాలి. అదిగో, గేటు పక్కన నిలబడ్డ అన్నయ్య. ఈ శిబిరం జరిగినన్ని రోజులూ పూల్ అంచున విజిల్ పట్టుకుని నిలబడింది ఆయనే. నేను నాలుగు రోజులు వచ్చి చూశాను. పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ ఆయన ఒక్కసారి కూడా ఫోన్ బయటికి తీయలేదు. ఆయనకి ఇక్కడ కుర్చీ వేయలేదు. ఎవరైనా ఒక కుర్చీ తెచ్చి వేస్తారా? ఆ, అక్కడే వేయండి. థాంక్యూ. అన్నయ్యా, కూర్చోండి. మీరు కూర్చున్నాకే మొదలుపెడతాను.

నాకిచ్చిన అంశం ‘ట్రయథ్లాన్‌లో గెలుపు రహస్యాలు’. రాత్రి కూర్చుని నాలుగు పేజీలు రాసుకొచ్చాను. అందులో ఎంత చదువుతానో చూద్దాం.

అమ్మానాన్నల్లో కొంతమందికి ఈ ఆట కొత్త కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. ముందు ఈత, తర్వాత సైకిల్, ఆ తర్వాత పరుగు. మూడూ ఒకదాని వెంట ఒకటి చేయాలి. బట్టలు మార్చుకుంటున్నా, బూట్లు తొడుక్కుంటున్నా గడియారం నడుస్తూనే ఉంటుంది. ఒలింపిక్స్‌లో ఒకటిన్నర కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు. అందులో సగం దూరాన్ని, అంటే 750 మీటర్లు, 20 కిలోమీటర్లు, 5 కిలోమీటర్లని స్ప్రింట్ అంటారు. జూనియర్లు ఎక్కువగా చేసేది అదే. 1974 సెప్టెంబరులో అమెరికాలోని శాన్ డియాగోలో, మిషన్ బే ఒడ్డున కొంతమంది పరుగుల వాళ్ళు కలిసి పెట్టుకున్న పోటీతో ఇది మొదలైంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లోకి వచ్చింది.

నేను ఈ ఆట నేర్చుకునే రోజుల్లో మా జట్టులో 11 మందిమి. అందరం పద్నాలుగు నుంచి పదిహేడేళ్ళ లోపు వాళ్ళం. గేర్ల సైకిల్ నలుగురికే ఉండేది. మిగతా ఏడుగురివీ స్కూలుకి తొక్కుకెళ్ళే మామూలు సైకిళ్ళే. నాది మా బాబాయిది. సీటు ఎంత దించినా కాలు నేలకి అందేది కాదు.

ఆదివారాలు తెల్లవారుజామున ఆర్కే బీచ్ దగ్గర బయల్దేరి భీమిలి దాకా వెళ్ళేవాళ్ళం. కైలాసగిరి కింద నుంచి, రుషికొండ, మంగమారిపేట దాటుకుంటూ, ఒక వైపుకి సుమారు పాతిక కిలోమీటర్లు. ఎండాకాలంలో మన దగ్గర గాలి నైరుతి నుంచి కొడుతుంది. వెళ్ళేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది. ప్రతివాడికీ తానేదో పెద్ద చాంపియన్ననిపిస్తుంది. భీమిలిలో లైట్‌హౌస్ దగ్గర సైకిళ్ళు వెనక్కి తిప్పగానే ఆ గాలి మొహాన కొడుతుంది. అప్పటికి ఎండ కూడా ఎక్కుతుంది. అసలు ట్రైనింగ్ అక్కడ మొదలయ్యేది.

మా కోచ్ సార్ నియమం ఒకటుండేది. ఎదురుగాలిలో గేర్ల సైకిళ్ళ వాళ్ళే ముందుండాలి. ముందున్నవాడు గాలిని కోసుకుంటూ వెళ్తే వెనక చక్రానికి దగ్గరగా ఉన్నవాడికి పావు వంతు నుంచి మూడో వంతు దాకా శ్రమ తగ్గుతుంది. ఈ ఆటలో దాన్ని డ్రాఫ్టింగ్ అంటారు. ముందున్నవాడు రెండు నిమిషాలు తొక్కి పక్కకి తప్పుకుని చివరికి వెళ్తాడు, రెండోవాడు ముందుకొస్తాడు. పోటీల్లో దీన్ని గెలవడానికి వాడతారు. సార్ మాకు నేర్పింది మాత్రం అందరం కలిసి ఇంటికి చేరడానికి. చివరివాడి వేగమే మా అందరి వేగం. ఎవడైనా జట్టుని వదిలేసి దూసుకెళ్ళిపోతే, వాడు వెనక్కి తిరిగొచ్చి చివరివాడి పక్కన చేరాలి. వాడికి రెండు కిలోమీటర్లు అదనంగా పడేవి.

అప్పుడు నాకు ఇది నచ్చేది కాదు. పోటీలో ఒక్కరే గెలుస్తారు కదా, మరి వీళ్ళందరి కోసం నేనెందుకు ఆగాలి అనిపించేది.

2010లో సింగపూర్‌లో మొదటి యూత్ ఒలింపిక్స్ జరిగాయి. ఆ క్రీడల చరిత్రలో మొట్టమొదటి స్వర్ణ పతకం మన ఆటలోనే వచ్చింది. జపాన్ అమ్మాయి యుకా సాటో గెలిచింది. ఆ రోజు ఆగస్టు 15. మేం స్కూళ్ళలో జెండా వందనం చేసుకున్న రోజు. ఆ వారంలోనే సార్ పేపర్ పట్టుకొచ్చి పూల్ గట్టు మీద మాకు చదివి వినిపించారు. నాకు అప్పుడు పదిహేనేళ్ళు. వాళ్ళు నాకంటే కొంచెమే పెద్ద పిల్లలు! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత కొన్ని రోజులకి సార్ ఇంకో సంగతి చెప్పారు. అదే సింగపూర్‌లో రిలే పోటీ కూడా పెట్టారు. ఇద్దరమ్మాయిలు, ఇద్దరబ్బాయిలు. దేశాల వారీగా పెట్టలేదు, ఖండాల వారీగా పెట్టారు. మొన్నటిదాకా ఒకరికొకరు పోటీగా ఉన్న వేర్వేరు దేశాల పిల్లలు ఒక జట్టుగా దిగి, ఒకరి చేతిని ఒకరు తట్టి పంపించుకున్నారు. సార్‌కి పతకం వార్త కంటే ఈ రిలే వార్తే ఎక్కువ నచ్చింది. నాకేమో పతకమే నచ్చింది. ఆ తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో తర్వాత తెలిసింది.

మీలో కొంతమంది బ్రిటన్ ట్రయథ్లాన్ ఆటగాళ్ళు బ్రౌన్లీ అన్నదమ్ముల వీడియో చూసే ఉంటారు. 2016 సెప్టెంబరు, మెక్సికోలోని కొజుమెల్‌లో పోటీ. ఇంకో కిలోమీటరు కూడా లేదు, తమ్ముడు జానీ అందరికంటే ముందున్నాడు. ఎండకి కాళ్ళు తడబడి రోడ్డు పక్కకి తూలిపోయాడు. వెనక వస్తున్న అన్న అలిస్టర్ వాడి చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుని పరిగెత్తించుకుంటూ తీసుకెళ్ళి, గీత దగ్గర వాణ్ణి తనకంటే ముందు తోశాడు. దక్షిణాఫ్రికా కుర్రాడు హెన్రీ స్కూమన్ వాళ్ళని దాటి గెలిచాడు. తమ్ముడు రెండు, అన్న మూడు. ఆ వీడియో ఎప్పుడు చూసినా నేను చివరిదాకా చూడలేను. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

దానికి ముందు పిల్లలకి ఇష్టమైన ట్రాన్సిషన్, అంటే ఈత నుంచి సైకిల్‌కి, సైకిల్ నుంచి పరుగుకి మారడం గురించి నాలుగు మాటలు, లేకపోతే వాళ్ళు ఊరుకోరు. నీళ్ళలోంచి వచ్చాక ముందు హెల్మెట్ పెట్టుకుని బకిల్ వేయాలి, ఆ తర్వాతే సైకిల్ ముట్టుకోవాలి. బకిల్ వేయకుండా స్టాండు నుంచి సైకిల్ తీస్తే పెనాల్టీ. బూట్లకి మామూలు లేసులు వద్దు, సాగే లేసులు వేయించుకోండి. బూట్లలో కాస్త పౌడర్ చల్లుకుంటే తడి కాలు సులువుగా దూరుతుంది. సైకిల్ దిగి పరుగు మొదలుపెట్టగానే కాళ్ళు కర్రల్లా అనిపిస్తాయి, కంగారు పడకండి. మొదటి కొన్ని నిమిషాలు చిన్న అడుగులు వేస్తే సర్దుకుంటుంది. వారానికి ఒకసారైనా సైకిల్ దిగి వెంటనే పరిగెత్తడం అలవాటు చేసుకోండి. అంతే. మిగతావి మీ కోచ్‌లు నాకంటే బాగా చెప్తారు. ఈ నాలుగు పేజీలు ఇక మడత పెట్టేస్తున్నాను.

సముద్రంలో దిగే రోజున సార్ మమ్మల్ని జోడీలుగా విడగొట్టేవారు. ఒకటీ రెండూ ఒక జోడీ, మూడూ నాలుగూ ఒక జోడీ, అలా. చివర మిగిలిన ముగ్గురూ కలిసి ఒకటి. నా నంబరు ఏడు. నా జోడీ ఎనిమిది. నాకంటే రెండేళ్ళు చిన్నవాడు. నన్ను అక్కా అనేవాడు. నీళ్ళలో దిగేముందు లెక్క, ఒడ్డుకొచ్చాక లెక్క. ఎవరి నంబరు వాళ్ళే గట్టిగా అరవాలి. జోడీకి మధ్య రెండు బారల కంటే ఎక్కువ దూరం ఉండకూడదు. జాలరిపేట నుంచి ఒక తాత తెప్ప వేసుకొచ్చి మాకు బయటివైపు కాపలా ఉండేవాడు. ఆ తాతకి డబ్బులు సార్ సొంత జేబులోంచి ఇచ్చేవారని మాకు చాలాకాలం తెలియదు.

2011 మే నెల. వారంలో సెలక్షన్. ఒక జెండా నుంచి ఇంకో జెండా దాకా ఒడ్డు వెంబడి 400 మీటర్లు ఈదాలి. నాకు టైమ్ కావాలి. సార్ చేతిలో స్టాప్‌వాచ్ ఉంది. నా జోడీ నెమ్మది. సగం దూరంలో తల ఎత్తి జెండా చూసుకుని, ఒకసారి వెనక్కి కూడా చూశాను. వాడు చాలా వెనక ఉన్నాడు. వస్తాడులే అనుకున్నాను. మళ్ళీ తల ముంచి వేగం పెంచాను.

ఒడ్డుకొచ్చాం. లెక్క మొదలైంది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. నేను ఏడు అని అరిచాను.

ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

సార్ నావైపు తిరిగి ఒకటే మాట అడిగారు. “నీ జోడీ ఏడి?”

నేను సముద్రం వైపు చెయ్యి చూపించాను. అక్కడ ఎవరూ కనిపించడం లేదు. ఆ చోట అలలు కూడా విరగడం లేదు. అటూ ఇటూ తెల్లగా నురగ కొడుతుంటే మధ్యలో ఆ ఒక్క పాయ నున్నగా, ముదురు రంగులో ఉంది. చూస్తే అదే మంచి చోటు అనిపిస్తుంది. అమ్మా, నాన్నా, దయచేసి ఈ మాట గుర్తుపెట్టుకోండి. బీచ్‌లో అలలు లేని చోటు చూసి పిల్లల్ని అక్కడ దింపుతాం మనం. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోయే దారి చాలాసార్లు అదే. దాన్ని రిప్ కరెంట్ అంటారు. దాని జోరు ఒలింపిక్ ఈతగాడి వేగాన్ని కూడా మించిపోగలదు. మన ఆర్కే బీచ్‌లోనూ ఇవి వస్తుంటాయి. అక్కడ ఎంతమంది పిల్లలు పోయారో ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

వాణ్ణి తాత చూశాడు. మేం లెక్క మొదలుపెట్టకముందే చూశాడు. తెప్ప తిప్పి, తెడ్డు వేసుకుంటూ వెళ్ళి, జబ్బ పట్టుకుని పైకి లాగాడు. ఒడ్డుకి తెచ్చాక వాడు నీళ్ళు కక్కాడు. దగ్గాడు. ఏడ్చాడు. కాసేపటికి లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నాడు. అయినా సార్ వినలేదు. నీళ్ళు మింగినవాడికి ఊపిరి ఇబ్బంది కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రాత్రంతా అక్కడే ఉంచారు.

వాళ్ళు వెళ్ళిపోయాక తాత నా పక్కన ఇసకలో కూర్చున్నాడు. తిట్టలేదు. “నీరు లాగితే ఎదురెల్లకూడదు తల్లీ. ఎదురెల్తే అలిసిపోయి సచ్చిపోతారు. తేలి ఉండాల. అదొగ్గీసినాక పక్కకి తిరిగి రావాల” అన్నాడు. తర్వాత నేను చదివిన పుస్తకాలన్నిట్లోనూ అదే ఉంది. కంగారు పడకు, తేలి ఉండు, ఒడ్డుకి సమాంతరంగా ఈది ఆ పాయలోంచి బయటపడు, ఆ తర్వాత ఒడ్డువైపు రా. తాత చదువుకోలేదు.

పది రోజుల తర్వాత వాడు పూల్‌కొచ్చాడు. నీళ్ళలోకి దిగలేదు, గట్టు మీద కూర్చున్నాడు. నేను వెళ్ళి సారీ చెప్పాను. వాడేమన్నాడో తెలుసా? “నువ్వు వెనక్కి తిరిగి చూశావు కదక్కా. నేను చూశాను. చెయ్యెత్తుదామనుకున్నాను. చెయ్యి పైకి రాలేదు.”

(కాసేపు మౌనం)

క్షమించండి. ఈ మాట ఇంతవరకూ ఏ సభలోనూ చెప్పలేదు.

మునిగిపోయేవాడు కేకలు వేస్తాడని, చేతులు ఊపుతాడని అనుకుంటాం. చాలాసార్లు అలా ఉండదు. ఊపిరికే దిక్కు లేనప్పుడు కేక ఎలా వేస్తాడు? చేతులు నీళ్ళని కిందికి నొక్కుతూ ఉంటాయి, పైకి లేవవు. మనిషి నిలువుగా ఉంటాడు, నోరు నీటి మట్టానికి వచ్చి పోతూ ఉంటుంది. దూరం నుంచి చూస్తే ఊరికే నిలబడి మనవైపు చూస్తున్నట్టుంటుంది. నాకూ అలాగే కనిపించాడు. అందుకే పిల్లలూ, మీ జోడీని పిలవండి. పలికితే సరే. పలకకపోతే వెంటనే చెయ్యెత్తి పడవని పిలవండి, ఏదైనా తేలేది అందించండి. భయపడ్డవాడు మీ మెడ పట్టుకుంటాడు, ఇద్దరూ పోతారు. కాబట్టి ఒంటరిగా వెళ్ళి చేతులతో లాగాలని చూడకండి.

ఆ వారం సెలక్షన్ సంగతి కూడా చెప్పాలి. ఇది పదేళ్ళు దాటి నా మనసులో ఉన్న బాకీ. ఊరు చెప్పను, నిర్వాహకుల పేర్లు చెప్పను. పెద్ద చెరువు. పొద్దున్న ఆరింటికల్లా మేం పదిమందిమి చేతుల మీద నంబర్లు వేయించుకుని సిద్ధంగా ఉన్నాం. సార్ వెళ్ళి “పడవ ఏది?” అని అడిగారు. వస్తోంది, దారిలో ఉంది, అప్పటిదాకా ఇద్దరు కుర్రాళ్ళు ట్యూబులతో ఉంటారు, మొదలుపెట్టేద్దాం అన్నారు వాళ్ళు. సార్ పది నిమిషాలు ఆగారు. ఇంకో పది ఆగారు. పడవ రాలేదు. మా దగ్గరికొచ్చి “బట్టలు మార్చుకోండమ్మా, వెళ్ళిపోదాం” అన్నారు.

నేను ఏడ్చాను. ఎదురు మాట్లాడాను. వారం క్రితం అంత జరిగాక కూడా మాట్లాడాను! మిగతా ఊళ్ళ పిల్లలు ఈదారు. ఎవరికీ ఏమీ కాలేదు. నాకంటే నెమ్మదైన అమ్మాయి జట్టులోకి వెళ్ళింది. మా నాన్న ఫోన్‌లో సార్‌ని అనరాని మాటలన్నారు. రెండు కుటుంబాలు పిల్లల్ని మాన్పించేశాయి. “ఏమీ కాలేదు కదా, అనవసరంగా పిల్లల భవిష్యత్తు పాడుచేశాడు” అని ఆ ఏడాదంతా అందరూ అన్నారు. సార్ ఒక్కరికీ జవాబివ్వలేదు. మర్నాడు తెల్లవారి పూల్ దగ్గర మామూలుగానే నిలబడి ఉన్నారు.

ఆయనకి ఇంతవరకూ ఎవరూ సన్మానం చేయలేదు. ఇవాళ నాకు వేసిన ఈ శాలువా ఆయనకి చెందాలి. పంపిస్తాను.

అమ్మానాన్నలకి ఇంకొన్ని మాటలు. రాసుకోనివే, కానీ చెప్పాలి. ఎదిగే పిల్లలకి ఒక్కసారిగా దూరం పెంచకండి. పిక్క ముందు ఎముక నొప్పంటే నాటకం అనుకోకండి, రెండు రోజులు ఆపించండి. ఎండలో చెమట పోసినవాడికి ఉప్పు వేసిన మజ్జిగ ఇవ్వండి. పొద్దున్నే ఖరీదైన డబ్బా పొడులేమీ అక్కర్లేదు. మా అమ్మ చోడంబలి (రాగి అంబలి), అరటిపండుతో నన్ను నాలుగేళ్ళు పెంచింది. ఆడపిల్లల తల్లులు వాళ్ళకి రక్తం తక్కువ ఉందేమో పరీక్ష చేయించండి, నెలసరి ఆగిపోతే ఆటలో మామూలే అనుకుని వదిలేయకుండా డాక్టర్‌కి చూపించండి. నల్లబడిపోతోంది, పెళ్ళెలా అవుతుంది అని మా చుట్టాలు మా అమ్మని ఎన్ని మాటలన్నారో! ఆమె ప్రతి ఉదయం నాలుగున్నరకి లేచి నాకు జడ వేసింది. ఆ మాటలు పట్టించుకోకండి. పదో తరగతి వచ్చిందని పూర్తిగా మాన్పించేయకండి, వారానికి మూడు రోజులైనా పంపండి.

ఇక చివరిది. ఇక్కడికి వస్తున్నానని మొన్న సార్‌కి ఫోన్ చేశాను. ఇప్పుడాయన శ్రీకాకుళం దగ్గర సొంతూళ్ళో ఉంటున్నారు. ఎలా ఉన్నావని అడిగారు. పిల్లలెంతమంది అని అడిగారు. 34 మంది అని చెప్పాను. వచ్చే ఆదివారం మొదటిసారి సముద్రంలో దింపుతున్నారు సార్ అన్నాను. ఫోన్‌లో కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత అడిగారు, “పడవ మాట్లాడారా?”

నేను నిర్వాహకుల్ని అడిగాను. ఇంకా మాట్లాడలేదన్నారు. అందుకే అందరి ముందూ అడుగుతున్నాను. 34 మందికి ఒక పడవ చాలదు, రెండు కావాలి. సముద్రం తెలిసిన జాలరి అన్నయ్యలే కావాలి. ఈ నెలకి డబ్బు నేనిస్తాను, వచ్చే నెల నుంచి మీరందరూ తలా కొంచెం వేసుకోండి. పడవలు రాకపోతే పిల్లల్ని దింపబోమని ఇప్పుడే ఇక్కడ మాట ఇవ్వండి. కోచ్ పిల్లల్ని వెనక్కి తీసుకొస్తే ఆయన్ని ఏమీ అనబోమని మీరు కూడా మాట ఇవ్వండి. చేతులెత్తండి. వెనక వరస కూడా. ఆ, సరే.

బయట బల్ల మీద రిజిస్టర్ ఉంది. పిల్లల పేరు పక్కన జోడీ పేరు కూడా రాయండి. జోడీ దొరకని పిల్లలుంటే నా పేరు రాయండి, నేను వాళ్ళతో దిగుతాను. ఆదివారం ఉదయం ఐదున్నరకి. పడవలొచ్చాకే లెక్క మొదలుపెడదాం.

పిల్లల్ని ఇక టిఫిన్‌కి పంపించండి. పొద్దున్నుంచి ఏమీ తినలేదు వాళ్ళు.